తొలకరి వరదకి వల కట్టొద్దు

తొలకరి వరదకి వాగులో ఎదురెక్కుతున్న చేపల్ని పై వీడియోలో చూశారు కదా. చూసినవాళ్లంతా "ఎన్ని కిలోలు పడ్డాయి?" అనే అడుగుతున్నారు. వాటి కడుపు నిండా గుడ్లున్నాయని ఎంతమంది గమనించారు?

వాలుగ, మార్పు, జెల్ల అన్నీ మీసాల చేపలే. ఎండాకాలం మడుగుల్లో తలదాచుకుని, కొత్త నీరు రాగానే వరద పరుచుకున్న పల్లాల్లోకి చేరి గుడ్లు పెడతాయి. మార్పు అయితే వరి మడిలోకి కూడా వస్తుంది. గుంటలో పెట్టిన గుడ్లకి మగ చేప కాపలా ఉంటుంది.

కొండవాగుల్లో ఇంకో చిన్న రకం ఉంది. దాని రొమ్ము కింద చర్మం మడతలు మడతలుగా ఉంటుంది. వాటితో బండని కరుచుకుని ఎంత ఉరవడికైనా నిలబడుతుంది. ఆ బండలు మనం ఎత్తుకుపోతే అది ఎక్కడ నిలబడాలి?

ఇక కొందరు ఫారం పాండ్‌లో ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ వేస్తున్నారు. దాని పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది. గట్టు తెగి వాగులో పడిందంటే మన చేపల్నే మింగేస్తుంది.

విత్తనం గింజలు వండుకు తినే రైతుని ఎక్కడైనా చూశామా? గుడ్ల చేపని పట్టడమూ అంతే. పొలంలో మందు మానేశాం, మంచిదే. కానీ ప్రకృతి సేద్యం మన గట్టు దగ్గర ఆగిపోదు. మొదటి వరద వెళ్లేదాకా వాగుకి అడ్డంగా వల కట్టకండి. ఆ పిల్లలు పెరిగాక పట్టుకుందాం, అందరికీ సరిపోతాయి.