మర్యాదస్తుడి హత్యలు

హత్యలు చూసి నవ్వడమేమిటండీ, అని నన్ను అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. బ్లాక్ కామెడీ అని పేరుపడ్డ ఈ తరహా చిత్రాలకు చావే ముడిసరుకు. అయినా నాకవంటే చెడ్డ ఇష్టం.

1949లో ఇంగ్లండులో ఈలింగ్ స్టూడియోవారు తీసిన 'కైండ్ హార్ట్స్ అండ్ కొరొనెట్స్' చూడండి. దర్శకుడు రాబర్ట్ హేమర్. ఓ ప్రభువంశపు ఆడపడుచు ఇటలీ గాయకుణ్ణి పెళ్లాడిందని పుట్టింటివారు వెలివేస్తారు. పోయాక తమవాళ్ల సమాధుల పక్కన చోటైనా ఇవ్వరు. ఆమె కొడుకు లూయీ, డ్యూకు పదవికి అడ్డున్నవాళ్లను ఒక్కొక్కరినే తప్పించడం మొదలుపెడతాడు. ఆ వంశంలో ఎనిమిదిమంది వేషాలూ అలెక్ గిన్నెస్ ఒక్కడే కట్టాడు; అందులో ఒకటి ఆడవేషం! అందరినీ లూయీ చంపనక్కర్లేదు సుమా. ఓ అడ్మిరల్ తన మొండితనంతో ఓడతోబాటు తానే మునిగిపోతాడు.

నెత్తురు కనిపించదు, కేకలు వినిపించవు. వియ్యాలవారికి ఉత్తరం రాస్తున్నంత మర్యాదగా లూయీ తన హత్యల కథ తానే చెబుతాడు. హెన్రీ అని ఒకడున్నాడు. ఫోటోల పిచ్చి, భార్యకు తెలియకుండా రెండు చుక్కలు పుచ్చుకోవడం, ఇవే అతని నేరాలు. ఫోటోలు కడిగే గదిలో దీపానికి కిరసనాయిలు బదులు పెట్రోలు పోసి వస్తాడు లూయీ. వచ్చి, తోటలో హెన్రీ భార్యతో టీ తాగుతూ కూర్చుంటాడు. గోడవెనక పొగ లేస్తుంది. అతని మాటతీరు మారదు. మనం నవ్వుతాం!

తల్లికి జరిగిన అన్యాయం చూసి లూయీ పక్షం చేరాం, సరే. హెన్రీ ఏం చేశాడు? విషం తాగి పోయిన ఆ ముసలి పాదిరీ ఏం చేశాడు? అడగం. పెద్దమనిషి తరహాగా మాట్లాడేవాడు ఏంచేసినా మనకు సబబుగానే కనిపిస్తుంది కాబోలు. ఈలింగువారిదే 1955 నాటి 'ది లేడీకిల్లర్స్'లోనూ నవ్విస్తారు గాని, అక్కడ దొంగల చేత చావని ముసలమ్మ పక్షాన నవ్వుతాం. అందులో ఈ ముల్లు లేదు.

చివరకు లూయీకి ఉరిశిక్ష పడేది తాను చెయ్యని హత్యకు! జైల్లో కూర్చుని చేసినవన్నీ పూసగుచ్చినట్లు రాస్తాడు. ఇంతలో నిర్దోషి అని వదిలేస్తారు. గేటు బయట ఓ పత్రిక మనిషి, మీ ఆత్మకథ మాకిస్తారా అని అడుగుతాడు. కాగితాలు లోపలే ఉండిపోయాయి! చిత్రం అక్కడితో సరి. అమెరికాలో ఆడిన ప్రతిలో మాత్రం, ఆ కాగితాలు జైలు అధికారి చేతికి అందినట్లు ఓ ముక్క అతికించారు. నాకది నచ్చలేదు. అసలు ప్రతిలో అతను ఉలిక్కిపడినప్పుడు నేనూ 'పరుగెత్తవయ్యా, ఎవరూ చూడకముందే!' అనుకున్నాను.