బరువు ఒకరిది, భారం మరొకరిది

2018 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ సరుకు లారీల బరువు పరిమితిని పెంచింది. నాలుగు టైర్ల ఇరుసుపై 10.2 టన్నులుగా ఉన్న పరిమితి 11.5 టన్నులయింది. పెరిగింది ఎనిమిదో వంతే కదా అనిపించవచ్చు. కానీ ఇరుసుపై బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు 16 రెట్లవుతుందన్నది ఇంజనీర్లు దశాబ్దాలుగా పాటిస్తున్న లెక్క. ఆ లెక్కన ఈ పెంపుతో ఒక్కో ఇరుసు చేసే నష్టం 60 శాతం వరకు పెరుగుతుంది.

జాతీయ రహదారి ఈ బరువును కొంత తట్టుకుంటుంది. క్వారీల నుంచి, ఇసుక రేవుల నుంచి ఊళ్ల మీదుగా సాగే సన్నని రోడ్లు తట్టుకోలేవు. గుంతలు, దుమ్ము, బడికి నడిచివెళ్లే పిల్లలకు ప్రాణభయం ఆ ఊళ్లకు మిగులుతున్నాయి. మరమ్మతుల ఖర్చు ప్రజల పన్నులపైనే పడుతోంది.

పరిమితి మించితే 2019 సవరణ చట్టం ప్రకారం 20 వేల రూపాయల జరిమానా, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2 వేలు. నడిపినవారే కాక నడిపించినవారూ బాధ్యులేనని ఆ చట్టమే చెబుతోంది. అయినా రోడ్డుపై ముందుగా పట్టుబడేది డ్రైవరే. ఎంత సరుకు నింపాలో నిర్ణయించే అధికారం అతనికి లేదు. లారీ నడిపి, మెకానిక్ షెడ్లలో పనిచేసి బతికే ముస్లిం కుటుంబాలకు ఈ సంగతి కొత్త కాదు. దుమ్ము పీల్చే ఊరూ, జరిమానాకు భయపడే డ్రైవరూ పరస్పరం శత్రువులు కారు.

కాబట్టి సరుకు నింపే చోటే తూకం వేయాలి. అధిక బరువు నింపించినవారి నుంచే జరిమానా రాబట్టాలి. గనుల ప్రాంతాల్లో జిల్లా ఖనిజ నిధితో ఊరి రోడ్లు బాగుచేయాలి. ఈ మూడింటినీ ఊరివాళ్లూ డ్రైవర్లూ కలిసి అడగాలి.