విరమణ పత్రం: మౌనం ఎవరికి బలం?

తుమ్మలపల్లె యురేనియం గనికి పొలాలిచ్చి ఉద్యోగం పొందిన కుటుంబాలకు అది నెల జీతం మాత్రమే కాదు, పోయిన భూమికి మిగిలిన ప్రతిఫలం. అటువంటి ఉద్యోగాన్ని వదులుకొమ్మని రేపు ఏ యాజమాన్యమైనా డబ్బు చూపితే తొందరపడి సంతకం చేయరాదని మేము మనవి చేస్తున్నాము.

2019లో బీఎస్‌ఎన్‌ఎల్‌లో 78 వేల మందికి పైగా స్వచ్ఛంద విరమణ కోరుకున్నారు. అక్కడ లెక్క బహిరంగం: పూర్తయిన ప్రతి సంవత్సరానికి 35 రోజులు, మిగిలిన ప్రతి సంవత్సరానికి 25 రోజుల జీతం ప్రాతిపదిక. కొన్ని సంస్థలలో మాత్రం ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి, "ఎవరికీ చెప్పవద్దు" అంటారు. ఆ మౌనం యాజమాన్యానికే బలం. పక్కవానికి ఎంత ఇచ్చారో తెలియనివాడు బేరమాడలేడు.

మనం దాచవలసినది వేరే ఉన్నది: మన అప్పు, బిడ్డ పెళ్లి తొందర. అవి తెలిస్తే ఇవ్వజూపే మొత్తం తగ్గుతుంది. షరతులను మాత్రం సంతకానికి ముందే తోటివారితో, యూనియన్‌తో, న్యాయవాదితో చర్చించాలి. గోప్యత షరతుకు ఒప్పుకున్న తరువాత నోరు విప్పడం కష్టం. గ్రాట్యుటీ, పీఎఫ్ చట్టమిచ్చిన హక్కులు. వాటిని పరిహారంలో కలిపి పెద్ద మొత్తంగా చూపితే అంగీకరించరాదు.

"స్వచ్ఛందం" అంటే కాదనే హక్కు కూడా మనదే. ఇంటిల్లిపాదికీ ఒక్క జీతమే ఆధారమైన మన కుటుంబాలు ఆ హక్కును ఒంటరిగా, ఒక్క పూటలో వదులుకోరాదు.