అష్కాబాద్ రైల్వే కార్మికుల ప్రభుత్వము

రైల్వే కార్మికులు ముందు నిలిచి స్థాపించిన ప్రభుత్వమొకటి చరిత్రలో ఉన్నదని మన సభ్యులలో పెక్కుమంది ఎరుగరు. రష్యా అంతర్యుద్ధకాలమున, 1918 జూలైలో, కాస్పియన్ సముద్రమునకు తూర్పున అష్కాబాద్ పట్టణమున అది వెలసినది. నాయకుడు ఫుంతికోవ్, ఇంజను డ్రైవరు.

తాష్కెంట్‌లోని బోల్షివిక్ పాలకులు పంపిన కమిసారు ఫ్రోలోవ్ సాగించిన కఠిన చర్యలు ఆ తిరుగుబాటును రగిల్చినవి. తిరుగబడినవారినందరిని ద్రోహులని ఒక్క మాటతో కొట్టివేయుట మాకు సమ్మతము కాదు. వారి ఆగ్రహమునకు కారణమున్నది.

అయితే అటుపిమ్మట చేసినదేమి? ఎర్రసేన రైలుమార్గము వెంబడి పైకి వచ్చుచుండగా, ఆగస్టు 19న పర్షియాలోని మషద్‌లో ఉన్న బ్రిటిష్ జనరల్ మాలెసన్‌తో ఒడంబడిక చేసికొనిరి. సాయమునకు వచ్చినవారిలో 19వ పంజాబీ దళపు సిపాయిలున్నారు. స్వదేశమున స్వాతంత్ర్యము లేని మనవారు కాఖ్కా, దుషక్ స్టేషన్ల వద్ద పరుల తగవులో నెత్తురు కార్చిరి. వారి సమ్మతి ఎవరడిగిరి?

సెప్టెంబరు 20న బాకూ కమిసార్లుగా పేరుపడిన 26 మందిని రైలులో తరలించి, విచారణ లేకుండ ఎడారిలో చంపిరి. అందు మాలెసన్ బాధ్యత ఎంతయన్నది నేటికిని వివాదమే. ఆ రైలును నడిపినవారు మాత్రము మన వృత్తివారే గదా! ఈ మాట వ్రాయుటకు మా కలము వెనుకాడినది.

1919 జనవరి నాటికే ఫుంతికోవ్ పదవి ఊడినది. ఏప్రిల్‌కు బ్రిటిష్ సేన తరలిపోయినది. జూలైలో అష్కాబాద్ ఎర్రసేన వశమైనది. ఫుంతికోవ్‌ను 1926లో బాకూలో విచారించి కాల్చివేసిరి.