ప్లైవుడ్ లెక్క, ప్రణాళిక చిక్కు

1938లో లెనిన్‌గ్రాడ్‌లోని ప్లైవుడ్ ట్రస్టు ప్రయోగశాల వాళ్లు ఓ సమస్యతో గణిత ప్రొఫెసర్ లియోనిద్ కాంటరోవిచ్‌ను ఆశ్రయించారు. దుంగలు రకరకాలు. వాటిని పొరలుగా చెక్కే యంత్రాలూ రకరకాలే. ఏ దుంగను ఏ యంత్రానికి పంపితే ఉత్పత్తి గరిష్ఠమవుతుంది? చూడ్డానికి గుమాస్తా లెక్కే. కానీ పాత పద్ధతిలో పోతే లెక్కలేనన్ని సమీకరణాల గుత్తులను సాధించాలి. పాతికేళ్లు దాటిన ఆ ప్రొఫెసర్ అడ్డదారి కనిపెట్టారు. ప్రతి పరిమితికీ ఒక గుణకం తగిలించి, వాటిని సరిచేస్తూ పోతే జవాబు దొరుకుతుంది. 1939లో దాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేశారు. ఇప్పుడు లీనియర్ ప్రోగ్రామింగ్ అంటున్నది దాన్నే.

అసలు చిక్కు ఆ గుణకాలతోనే వచ్చింది. ఒక యంత్రం మరో గంట పనిచేస్తే ఉత్పత్తి ఎంత పెరుగుతుందో అవి చెబుతాయి. అంటే కొరతకు ధర కడతాయి. విలువకు మూలం శ్రమ ఒక్కటేనని నమ్మే స్టాలిన్ రష్యాలో ఈ మాట ప్రమాదకరం. అందుకే కాంటరోవిచ్ ధర అనకుండా ‘వస్తుగతంగా నిర్ణయమయ్యే విలువలు’ అంటూ చుట్టుతిప్పి రాశారు. అయినా లాభం లేకపోయింది. 1942లో ఆయన రాసిన పుస్తకాన్ని ప్రణాళికా యంత్రాంగం తిప్పికొట్టింది. అది అచ్చయింది 1959లో.

ఇదే కాలపు ముచ్చట ఇంకొకటి చెబుతారు. లెనిన్‌గ్రాడ్‌లోని యెగొరోవ్ రైలుపెట్టెల కర్మాగారంలో ఈ పద్ధతితో ఉక్కు రేకులు కత్తిరించడంతో వ్యర్థం బాగా తగ్గింది. దాంతో పాత ఇనుము అప్పగించాల్సిన కోటా నెరవేరక యాజమాన్యం ఇరుకున పడిందట!

అమెరికాలో దారి వేరు. యుద్ధకాలంలో సరకు ఓడల ప్రయాణాలను లెక్కిస్తూ జాలింగ్ కూప్‌మన్స్ ఇటువంటి పద్ధతికే చేరుకున్నారు. వైమానిక దళం కోసం పనిచేస్తూ జార్జ్ డాంట్‌జిగ్ 1947లో సింప్లెక్స్ పద్ధతిని తయారుచేశారు. 1975లో అర్థశాస్త్ర నోబెల్‌ను కాంటరోవిచ్, కూప్‌మన్స్ పంచుకున్నారు. డాంట్‌జిగ్ పేరు లేకపోవడం ఇప్పటికీ చాలామందికి మింగుడుపడదు.

మరి భారత్? 1955లో రెండో పంచవర్ష ప్రణాళిక కోసం ప్రశాంత చంద్ర మహలనోబిస్ నాలుగు రంగాల నమూనా కట్టారు. ఐదేళ్లలో పెట్టుబడి రూ. 5,600 కోట్లు, ఆదాయం ఏటా 5 శాతం పెరగాలి, కోటీ పది లక్షల ఉద్యోగాలు రావాలి. షరతులు మూడు, తేలాల్సిన అంకెలు నాలుగు. కాబట్టి ఒకటి బయటి నుంచి రావాలి. పెట్టుబడిలో మూడో వంతు యంత్రాలు, ఉక్కు వంటి మూలధన సరకులకని ఆయనే ఖాయం చేశారు. గరిష్ఠం చేసే లెక్కేదీ అందులో లేదు.

1959లో జపాన్ ఆర్థికవేత్త ర్యుతారో కొమియా ఆ నమూనా అంకెలనే తీసుకుని లీనియర్ ప్రోగ్రామింగ్ చేసి చూశారు. అదే సొమ్ముతో ఆదాయం, ఉపాధి రెండూ ఇంకా పెంచవచ్చని తేలింది. కారణం నమూనా పట్టికలోనే ఉంది. మూలధన సరకులలో రూపాయి పెడితే వచ్చే ఆదాయం 20 పైసలు. వ్యవసాయం, కుటీర పరిశ్రమలు కలిసిన రంగంలో రూ. 1.25. ఒక మనిషికి పని కల్పించడానికి మొదటిదానిలో రూ. 20,000 కావాలి, రెండోదానిలో రూ. 2,500 చాలు. అంటే ఉక్కు వైపు వెళ్లిన ప్రతి కోటికీ 500 మందికి పని దొరికితే, పల్లెల వైపు వెళితే 4,000 మందికి దొరికేది. కాంటరోవిచ్ గుణకం చెప్పే ధర అంటే ఇదే.

మహలనోబిస్ వాదన తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. ఇవాళ యంత్రాలు చేసుకోకపోతే పదిహేనేళ్ల తర్వాత దేశం ఎక్కడుంటుంది? ఐదేళ్ల లెక్క దానికి జవాబు చెప్పదు. అయితే ఆ నిర్ణయానికి ఇంత ఖర్చవుతుందని ప్రణాళిక పత్రంలో ఒక పంక్తి రాసి ఉంటే పార్లమెంటులో చర్చ మరోలా ఉండేది. కొమియా వ్యాసం వచ్చేసరికి ప్రణాళికలో మూడేళ్లు గడిచిపోయాయి. 1956లో కుదిరిన పీఎల్-480 ఒప్పందం కింద అమెరికా గోధుమలు దిగుమతి అవుతూనే ఉన్నాయి.