అంతా నా ఎడమ కాలే చేసింది!

కారు కొని ఏడు నెలలు. తిరిగింది 8,400 కిలోమీటర్లు. క్లచ్ పోయింది. "మీ డ్రైవింగ్ స్టైల్ వల్ల సార్" అనేశాడు సర్వీస్ సెంటర్ అబ్బాయి. గేర్ బాక్స్ దించలేదు, బానెట్ ఎత్తలేదు, కనీసం వీధి చివరిదాకా నడిపి చూడలేదు. నా మొహం చూసి చెప్పేశాడు. జాతకాలు చెప్పేవాళ్ళు కూడా చెయ్యన్నా చూస్తారు కదండీ!

ఈ "డ్రైవింగ్ స్టైల్" అనే రెండు ముక్కల మీదే నా గొడవంతా. డబ్బు గొడవ తర్వాత.

జరిగింది ఇదీ. రోజూ దిల్‌సుఖ్‌నగర్ నుంచి గచ్చిబౌలి. (మెట్రోలో పోవచ్చు కదా అనకండి, మా ఆవిడ రోజూ అంటూనే ఉంది.) ఒక సోమవారం పొద్దున టోలీచౌకి ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజను గీపెడుతోంది, ఆర్పీఎం ముల్లు నాలుగు వేలు దాటింది, బండి మాత్రం ఎడ్లబండిలా పోతోంది. కాసేపటికి కాలిన వాసన. వెనకాల హారన్లు. ఎలాగో దిగి పక్కకి ఆపాను. సాయంత్రం ఇంటి దగ్గర మనందరికీ తెలిసిన పాత పరీక్షే చేశాను. హ్యాండ్ బ్రేక్ గట్టిగా వేసి, మూడో గేరులో పెట్టి, మెల్లగా క్లచ్ వదలడం. క్లచ్ బాగుంటే ఇంజను టక్కున ఆగిపోవాలి. నాది హాయిగా తిరుగుతూనే ఉంది. అంటే ప్లేటు జారుతోందన్నమాట.

తెలియని వాళ్ళకోసం రెండు ముక్కలు. ఇంజను వెనక తిరిగే ఫ్లైవీల్‌కీ, ప్రెషర్ ప్లేటుకీ మధ్యన ఒక రాపిడి ప్లేటు ఇరుక్కుని ఉంటుంది. పెడల్ తొక్కితే పట్టు వదులుతుంది, కాలు తీస్తే పట్టుకుంటుంది. పట్టు సరిగ్గా లేకపోతే జారుడు, జారితే వేడి, వేడెక్కితే కాలుతుంది. అంతే సంగతి.

డ్రైవర్ తప్పు వల్ల క్లచ్ పోదా అంటే, పోతుంది. నిక్షేపంగా పోతుంది. మన ఊళ్ళో సగంమంది ఎడమ కాలు క్లచ్ మీదే పెట్టుకుని నడుపుతారు. ఎత్తు మీద ట్రాఫిక్ ఆగితే బ్రేకు వేయకుండా హాఫ్ క్లచ్‌లో బండిని గాల్లో వేలాడదీస్తారు, అదో పెద్ద విద్య అన్నట్టు. మా ఆఫీసులో ఒకాయన అలాగే ఏడాదికో ప్లేటు తినేస్తాడు. అలాంటి వాళ్ళ దగ్గర డబ్బు వసూలు చేస్తే నాకేం అభ్యంతరం లేదు.

కానీ నా సంగతి చూడండి. ఇంతకు ముందున్న కారు తొమ్మిదేళ్ళు వాడాను, 92 వేల కిలోమీటర్లు. కంపెనీ నుంచి వచ్చిన క్లచ్‌తోనే అమ్మేశాను. అదే రోడ్డు, అదే ఫ్లైఓవర్, అదే ఎడమ కాలు. మారింది ఒక్క కారే. మా వృత్తిలో ఎక్కడన్నా ఏదన్నా పాడైతే మొదట అడిగే ప్రశ్న "నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది?" అని. ఈ ముక్క సర్వీస్ అడ్వైజర్‌తో అంటే, "ఆ మోడల్ వేరు, ఈ మోడల్ వేరు సార్" అన్నాడు. అదే కదా బాబూ నేనూ అంటున్నది!

ఎస్టిమేట్ 17,800 రూపాయలు. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, కూలీ. వారంటీ ఉంది కదా అంటే పుస్తకం తిప్పి చూపించాడు. బ్రేక్ ప్యాడ్లు, వైపర్ బ్లేడ్లతో పాటు క్లచ్ లైనింగ్ కూడా అరిగే సామానుల జాబితాలో ఉంది, కాబట్టి వర్తించదట. వైపర్ రబ్బరు ఏడాదిలో అరిగితే ఎవరూ ఏడవరు, స్వభావం అది. ఏడు నెలలకే కాలిపోయిన ప్లేటుని "అరిగింది" అనడం ఏ భాషో నాకర్థం కాలేదు.

"ప్లేటు కాలిపోయింది సార్, మీరే చూడండి" అన్నాడు గేర్ బాక్స్ దించాక. కాలింది నిజమే. ఎందుకు కాలింది అన్నదే కదా ప్రశ్న! జారితే ప్లేటు కాలుతుంది. డ్రైవర్ హాఫ్ క్లచ్‌లో నడిపితే జారుతుంది. ప్రెషర్ ప్లేటు స్ప్రింగు బలహీనంగా ఉన్నా జారుతుంది. పెడల్ సర్దుబాటు తప్పి, కాలు తీసినా పూర్తిగా పట్టుకోకపోతే జారుతుంది. ప్లేటు మీద ఆయిల్ పడినా జారుతుంది. అన్నిటికీ చివర కనపడేది అదే నల్లటి ప్లేటు, అవే నీలం మచ్చలు. సర్వర్ పడిపోయింది కాబట్టి యూజర్ తప్పు అని నేను ఆఫీసులో టికెట్ మూసేస్తే, ఆ సాయంత్రమే నా ఉద్యోగం ఊడుతుంది. వీళ్ళకి మాత్రం అదే పద్ధతి.

పాత ప్లేటు నాకు కావాలన్నాను. ఇక్కడే అసలు కథ మొదలైంది. "స్క్రాప్‌కి వెళ్ళిపోతుంది సార్", "పాలసీ లేదు సార్", "మేనేజర్ లంచ్‌కి వెళ్ళారు సార్". నా డబ్బుతో మారుస్తున్నప్పుడు పాత సామాను నాది కాక ఎవరిదండీ? మూడు గంటలు అక్కడే కుర్చీలో కూర్చున్నాను, వాళ్ళ టీ మూడుసార్లు తాగి. ఆఖరికి లోపలికి రమ్మన్నారు.

ప్లేటు ఒక పక్క అంచున జిడ్డు. ఫ్లైవీల్ మీద కూడా. వేలు పెడితే నల్లటి నూనె. అక్కడ పనిచేసే మేస్త్రీ ఒక పెద్దాయన, అటూ ఇటూ చూసి మెల్లగా అన్నాడు, "క్రాంక్ వెనకాల ఆయిల్ సీల్ కారింది సార్. నేను చెప్పానని చెప్పకండి." వెంటనే ఫోన్లో ఫొటోలు తీశాను, కిలోమీటర్ల మీటరు కూడా కనిపించేలా ఒక వీడియో.

తర్వాత చూడాలి వాళ్ళ మర్యాద. మేనేజర్ గారు లంచ్ నుంచి హఠాత్తుగా వచ్చేశారు. "గుడ్‌విల్ కింద" సగం తగ్గిస్తామన్నారు. ఈ గుడ్‌విల్ ఏమిటో మీకు తెలుసా? తప్పు మాది అని రాయకుండా, మీ నోరు మూయించడానికి ఇచ్చే ప్రసాదం. తీసుకోవాలంటే "నాకు ఇక ఏ ఫిర్యాదూ లేదు" అన్న కాగితం మీద సంతకం పెట్టాలి. పెట్టలేదు. బండి కావాలి కాబట్టి మొత్తం డబ్బు కట్టి, జాబ్ కార్డు మీద "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని నా చేత్తో రాసి సంతకం చేశాను.

ఇంటికొచ్చి బిల్లు చదివితే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మొదటి వరస: వెనక ఆయిల్ సీల్ మార్పు, వారంటీ, సున్నా రూపాయలు. రెండో వరస: క్లచ్ సెట్ మార్పు, కారణం డ్రైవింగ్ స్టైల్, పూర్తి ధర. ఒకే కాగితం! సీల్ కారడం కంపెనీ తప్పేనట, ఆ కారిన నూనె పడి జారిన ప్లేటు మాత్రం నా కాలి తప్పట.

చాలామంది "కారే మార్చమని కేసెయ్" అంటున్నారు. అది జరిగే పని కాదు. 2006లో సుప్రీంకోర్టు ఒక కొత్త కారు క్లచ్ కేసులోనే తేల్చింది, వారంటీ అంటే లోపమున్న భాగాన్ని బాగుచేయడమో మార్చడమో గానీ బండి మొత్తం మార్చడం కాదని. నేనడిగేదీ ఆ భాగం గురించే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై నుంచి అమల్లో ఉంది. మనం ఉండే ఊళ్ళోనే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, రెండేళ్ళ లోపు. వకీలు తప్పనిసరి కాదు. కారు ధర పది లక్షల లోపు కాబట్టి నేను కట్టాల్సిన ఫీజు 200 రూపాయలు. పరీక్ష చేస్తే తప్ప లోపం తేలదనుకుంటే కమిషనే ఆ వస్తువుని ల్యాబ్‌కి పంపొచ్చు. చట్టం ఇంత చెప్పినా, ల్యాబ్‌కి పంపడానికి ఆ వస్తువు మన చేతిలో ఉండాలిగా. అది స్క్రాప్ డబ్బాలోకి పోతే ఇక ఏం పరీక్ష, ఎవరికి పరీక్ష? అందుకే వాళ్ళకి పాత ప్లేటు ఇవ్వాలంటే అంత నొప్పి.

17,800 పోతే నాకు ఒక నెల చిరాకు. కానీ మా అపార్ట్‌మెంట్ కింద బండి పెట్టుకునే క్యాబ్ డ్రైవర్ ఒకతను ఉన్నాడు, అదే మోడల్, కొని పది నెలలు. నా కథ విని, "నాగ్గూడ గదే అన్నరు సార్, నీ నడుపుడే అట్లుంది అన్నరు. కట్టిన. నాలుగు రోజులు బండి లోపల్నే ఉండె. కిస్తీ ఆగది గద" అన్నాడు. పాత ప్లేటు అడిగావా అంటే, "అడగాల్నని తెల్వది సార్." పైగా క్యాబ్ కాబట్టి కేసు వేయడానికి వీల్లేదని ఎవరో చెప్పారట. అదీ అబద్ధమే. స్వయం ఉపాధి కోసం, కేవలం బతుకుతెరువు కోసం కొన్న బండైతే అతను కూడా చట్టం దృష్టిలో వినియోగదారుడే. పదేళ్ళుగా హైదరాబాద్ రోడ్ల మీద రోజుకి పన్నెండు గంటలు స్టీరింగు పట్టుకున్న మనిషికి, టై కట్టుకున్న ఇరవై రెండేళ్ళ కుర్రాడు నడపడం రాదని చెప్పి డబ్బు తీసుకున్నాడు. నాకు కోపం వచ్చింది ఇక్కడ.

1915 హెల్ప్‌లైన్‌కి ఇద్దరి తరఫునా ఫిర్యాదు పెట్టాను. పన్నెండు రోజులకి కంపెనీ జవాబిచ్చింది. ఇద్దరికీ ఒకటే జవాబు, బండి నంబరు తప్ప అక్షరం తేడా లేదు. చివర్లో "మీ డ్రైవింగ్ శైలి" కూడా ఇద్దరికీ ఒకటే.

ఆ రెండు జవాబులూ జతచేసి పోయిన వారం జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేశాను. అతని ప్లేటు దొరకదు, బిల్లు మాత్రం ఉంది. నా ప్లేటు ప్లాస్టిక్ కవర్లో చుట్టి, తేదీ రాసి అటక మీద పెట్టాను. పాత ఇనుపసామాను వాడికి వేసేయొద్దని మా ఆవిడకి రెండుసార్లు చెప్పాను.