తిరుగుదారియు నెరుగవలయును

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున కాపురముండు మా చెల్లెలినుండి ఇటీవల మాకొక జాబు వచ్చినది. ఆమె కుమార్తెకు పదునేడేండ్లు. ఆ బాలిక తోడివిద్యార్థులు ఆరుగురితోను, ఉపాధ్యాయులు ఇద్దరితోను గూడి, అయిదు దినములు అడవిలో సరస్సులపై దోనె నడపుచు, రాత్రులు గుడారములలో పరుండి రాదలచినదట. పెద్దలు వెంట నుందురే కాని, త్రోవ, తిండి, సామాను మున్నగు ఏర్పాట్లన్నియు పిల్లలవే. "అక్కా! పంపుదునా, మాన్పుదునా?" అని చెల్లెలి ప్రశ్న.

మాకును మొదట గుండె ఝల్లుమన్నది. గుహుని నావలో సీతమ్మ గంగ దాటిన ఘట్టమును బాల్యమునుండి ఎన్నిసార్లు చదివితిమో లెక్కలేదు. తెడ్డు చేతబట్టిన దినమొక్కటియు లేదు. ఎరుగనిదానికి వెరచుట సహజము. కావున ముందు తెలిసికొనదలచితిమి.

ఆ ప్రదేశము పేరు బౌండరీ వాటర్సు. కెనడా సరిహద్దు వెంబడి వేయికి పైగా సరస్సులుగల అరణ్యమది. పూర్వము ఓజిబ్వే జాతివారు భూర్జవృక్షపు పట్టతో దోనెలు కట్టి ఆ జలములపై సంచరించెడివారు. 1964లో చేసిన అరణ్యసంరక్షణ శాసనము దానికి రక్ష. అనుమతిపత్రము లేక పోరాదు. జట్టున 9 మందికిని, 4 దోనెలకును మించరాదు. ఒక సరస్సునుండి మరియొకదానికి దోనెను భుజములపై బోర్లించుకొని, మూటలతో నడువవలయును. దారిలో అంగడి లేదు. చేతిఫోను చాలచోట్ల పలుకదు.

ఇట్టిచోట మరచిన వస్తువు మరచినట్లే. అందుచే పిల్లలు మనిషికి పూటకెంత బియ్యము, ఎంత పప్పు అని కొలిచి, మూటలు కట్టి, మోసి చూచిరట. మోయలేక సగము సామాను తీసివేసిరి. మా చెల్లెలు ఆవకాయ సీసా ఇయ్యబోగా, "గాజుసీసాలును, రేకుడబ్బాలును అచట నిషిద్ధములమ్మా!" అని బిడ్డయే వారించినది. రాత్రివేళ తిండిమూటను ఎలుగుబంటి కందకుండ నేలకు 12 అడుగుల యెత్తున, చెట్టుమానునకు 6 అడుగుల యెడముగా వ్రేలాడదీయుదురట. మన ఉట్టి పిల్లికై, వారిది ఎలుగుకై!

ఇంత చదివి మేము చెల్లెలికి వ్రాసితిమి: "ఏర్పాట్లు నీవు చేయకుము; ప్రశ్నలు మాత్రమడుగుము. నీటిలో రక్షణకవచము పడవలో నుండునా, ఒంటిమీద నుండునా? ఎండ కాయుచున్నను ఆ నీరు చల్లనిది గదా. పెనుగాలి లేచిన, ఉరుము వినబడిన నేమి చేయుదురు? వెనుకకు మరలుదమని చెప్పువా రెవరు?"

మొదటి రెంటికి బాలిక తడవుకొనక సమాధానమిచ్చినది: కవచము దినమంతయు ఒంటిమీదనే; గాలి లేచిన గట్టు చేరుట. మూడవదానికి మౌనము వహించినది. రెండుదినములు తోటివారితో ఆలోచించి వచ్చి, "మాలో ఏ యొక్కరు భయమన్నను అందరము ఆగుదుము. ఎవరును ఎగతాళి చేయరాదని ఒడంబడిక చేసికొంటిమి" అన్నదట.

ఆ మాటపై తల్లి సమ్మతిపత్రమున సంతకము చేసినది. భయము పోయినదా? పోలేదనియే వ్రాసినది. తల్లి భయము పోవునది కాదు. కాని దానిని సంకెలగా గాక ప్రశ్నగా మార్చి బిడ్డ చేతికీయవచ్చును.

సోదరీమణులారా! మన ఇంటనుండి ఎవరేని ప్రయాణమైనపుడు, ఈ మారు మూట కట్టు పనిని బిడ్డలకే విడుతము. మరచినది మరచినట్లు తెలిసికొందురు. మనము గుమ్మమున నిలిచి మూడు ప్రశ్నలడిగిన చాలును.